పొట్లాల్లో ఊరేగిన కాలేజీ దయ్యం

రండి, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ గోడకు మాత్రం ఆనుకోకండి, సున్నం అంటుతుంది. కాళ్లు చాపుకున్నా ఫరవాలేదు, మన ఇల్లే. చేతిలో పనేదైనా ఉంటే అదీ తెచ్చుకోండి, నా కథలు చేతులు ఆడుతుంటేనే బాగా వినబడతాయి. ఇది దయ్యం కథే, అయినా భయపడకండి. దీన్ని విన్నవాళ్లంతా నవ్వుకుంటూనే ఇళ్లకు పోయారు, ఒక్క మా అత్తమ్మ తప్ప. ఆమె మాత్రం కథ రాసినాయన మీద కోపంతో లేచి వెళ్లింది. ఆ కోపం దాకా మెల్లగా నడుచుకుంటూ పోదాం.

నా పుట్టిల్లు స్టేషన్ ఘన్‌పూర్. మూడో తరగతి కాగానే నన్ను బడి మాన్పించారు. పెళ్లయి వరంగల్‌కు వచ్చేనాటికి అంకెలు బాగా వచ్చు, అక్షరాలు కూడబలుక్కుంటే వచ్చు. అత్తవారిది కిరాణం దుకాణం. ముందు గది దుకాణం, వెనుక ఇల్లు, మధ్యలో ఎప్పుడూ మూయని ఒక తలుపు. ఇంట్లో గిన్నె జారితే దుకాణంలో మామయ్యకు తెలిసేది. దుకాణంలో బేరం చెడితే పొయ్యి దగ్గర మాకు తెలిసేది.

మామయ్య పొట్లం కడితే చూడాలి. అప్పట్లో ఈ ప్లాస్టిక్ సంచులు ఎక్కడివి? జీలకర్రయినా, చక్కెరయినా, మిరియాలయినా కాగితంలోనే పోవాలి. పక్కన వెదురుబుట్టలో రద్దీ కాగితాలు, అదే చిత్తు కాగితాలు, ఉండేవి. పాత పేపర్లు, పిల్లలు రాసి పారేసిన పరీక్ష కాగితాలు, అట్టలు ఊడిన పుస్తకాలు, అన్నీ అందులోనే. ఆయన అటు గిరాకీతో మాట్లాడుతూనే ఇటు చూడకుండా బుట్టలో చెయ్యి పెట్టేవాడు. ఒక కాగితం సర్రున చింపి, కోన్‌లా చుట్టి, సరుకు పోసి, మూతి మడిచి, పైనుంచి వేలాడే సుతిలి దారంతో ముడి వేసేవాడు. కాగితం మీద ఏముందో ఒక్కనాడూ చూసి ఎరుగడు.

ఇక మా ఆడబిడ్డ సంగతి. ఇంటికి చిన్నది. ఆ యేడే బడిలో ఆఖరి పెద్ద పరీక్ష పాసయింది. మా బజారులో అంతవరకు చదివిన ఆడపిల్ల అదే మొదలు. హనుమకొండ కాలేజీలో పియుసిలో చేరాలని దాని ఆశ. మామయ్యను అడిగితే, "మీ అమ్మ సరే అంటె నాకేం ఫికర్ లేదు" అనేవాడు. అత్తమ్మను అడిగితే, "చూద్దాం తీ, ఇంకా టైముంది గద" అనేది. ఆమె బడి మొహం చూడలేదు. కాలేజీ అంటే ఏమిటో, అక్కడ ఏం చేస్తారో, ఎవరుంటారో తెలియదు. తెలియని చోటికి పిల్లను పంపాలంటే ఏ తల్లికైనా గుండె గుబులే కదా. కాలేజీ తెరిచే రోజు దగ్గరపడుతున్న కొద్దీ పిల్ల ముఖం వాడిపోతోంది.

ఆ సమయంలో మా ఆయన సరుకు కోసం హైదరాబాదు పోయి వస్తూ, స్టేషన్‌లో చెల్లెలి కోసం ఒక నవల కొనుక్కొచ్చాడు. కాలేజీ కథ అని అమ్మేవాడు అన్నాడు, ఈయన కొన్నాడు. రైలెక్కగానే నిద్రపోయే మనిషి, ఒక్క పేజీ తిరగేయలేదు. తీరా చూస్తే అది దయ్యం నవల! అట్ట మీద ఊరవతల గుట్ట మీద కాలేజీ, కిటికీలోంచి తడిజడ వేలాడేసుకుని చూస్తున్న ఒక పిల్ల. మా ఆడబిడ్డ ఆ బొమ్మ నాకు చూపించి, "వదినె, అమ్మ చూసిందంటె నా కాలేజి అయిపోయినట్టే" అంది. నవలలు చదివితే పిల్లలు చెడిపోతారని అత్తమ్మకు గట్టి నమ్మకం. పిల్ల దాన్ని బియ్యం బస్తా చాటున దాచి, ఎవరో పిలిచినట్టు మాటిమాటికీ అటు పోయి నాలుగు పేజీలు చదివి వచ్చేది. సగం అయింది. అత్తమ్మ ఒకనాడు బస్తాలు జరిపిస్తానంది. పిల్ల కంగారుపడి, ఇంట్లో ఎవరూ వెతకని చోటేదా అని ఆలోచించి, దాన్ని తీసుకుపోయి ఎక్కడ దాచిందనుకున్నారు? రద్దీ బుట్టలో!

దుకాణదారు కడుపున పుట్టిన పిల్లే చేయగలిగిన తెలివి అది. అత్తమ్మ నిజంగానే ఆ బుట్ట జోలికి పోలేదు. కానీ ఆ రోజు అంగట్లో గిరాకీ జోరుగా ఉంది. మామయ్య చెయ్యి బుట్టలోకి పోయింది, సర్రున వచ్చింది, మళ్లీ పోయింది. పొద్దెక్కేసరికి నవల మొదలు మా బజారులో ఇంటింటికీ చేరింది. పొద్దు వాలేసరికి, ఏలకులు లవంగాలు విడివిడిగా కట్టించుకుపోయే నర్సంపేట దుకాణదారు ఒకాయన వచ్చాడు. చివర మిగిలిన పేజీలన్నీ ఆయన సంచిలో కూర్చుని బస్సెక్కాయి. అట్ట మందంగా ఉందని మామయ్య దాన్ని గుండ్రంగా కత్తిరించి ఇంగువ డబ్బాకు మూత చేశాడు. తడిజడ పిల్ల ఆ డబ్బా మీదినుంచి దుకాణమంతా చూస్తూ కూర్చుంది.

మర్నాడు మొదలయ్యాయి అభిప్రాయాలు.

ముందుగా వచ్చింది దర్జీ వాళ్లింటి చాచీ. మా అత్తమ్మకు ప్రాణస్నేహితురాలు. ఆమెకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు చదవడం రాదు. మాట మాత్రం మాకంటే బాగా మాట్లాడేది. చేతిలో ముడతలు పడ్డ కాగితం.

"అక్కా, గీ కాయిదం మీ దుకాణందే. మిరియాలు కట్టిచ్చిన్రు. మా ఆయన చదివి వినిపిచ్చిండు. అల్లా కసం, మిరియాలకన్న గీ కాయిదమే ఘాటున్నది!"

"ఏమున్నదే దాంట్ల?" అంది అత్తమ్మ.

"కాలేజిల సారు పేర్లు పిలుస్తాండట. అందరు పలికిన్రట. అయినంక, ఎవ్వలు లేని ఆఖరు బెంచి మీదికెల్లి ఇంకో గొంతు 'ఉన్నాను సార్' అన్నదట. పోయి చూస్తె నేల మీద తడి అడుగులట! పొద్దున మా ఆయన సూదిల దారం ఎక్కిస్తాంటె చెయ్యి వణుకుతాంది. ఇయ్యాల ఎవ్వలి లాగుకు ఎన్ని కాళ్లు కుడుతడో ఏమో!"

అత్తమ్మ నోరు తెరిచి వింటుండగానే కంసాలి వాళ్ల ముసలవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆమెకు మెంతులు కట్టిన కాగితం దొరికింది, కోడలు చదివి పెట్టింది.

"దయ్యం సంగతి నాకు తెల్వది గని," అంది ముసలవ్వ, "గా కాలేజి హాస్టల్ల పెరుగన్నం పెడితె, దాంట్ల ఎంటిక వచ్చిందట. గుంజుతాంటె గుంజుతాంటె వస్తనే ఉన్నదట, మూరెడు, బారెడు! వంటామె తల ముడేసుకోదా? గసొంటి కూడు తిని పోరగాండ్లు ఏం సదువుతరు?"

మా ఎదురింట్లో బడిపంతులు ఉండేవాడు, అందరూ సారు అనేవారు. ఆయనకు చక్కెర పొట్లం పోయింది. ఆయనా అరుగు మీదికి వచ్చి సర్ది చెప్పబోయాడు.

"మీరంతా ఊరికే భయపడుతున్నారమ్మా. నేను చదివిన కాగితంలో దయ్యమే లేదు. వెన్నెల ఉంది, కాలేజీ తోట ఉంది, ఇద్దరు విద్యార్థులు ఉన్నారు, ఒక గులాబీ ఉంది. చాలా మృదువైన రచన."

అత్తమ్మ చటుక్కున తల తిప్పింది. "గులాబా? ఎవ్వలిచ్చిన్రు, ఎవ్వలికి?"

"అక్కడికే కాగితం అయిపోయిందమ్మా. వెనుకవైపు చక్కెర అంటుకుని చదవరాకుండా ఉంది."

తడి అడుగులకు, వెంట్రుకకు ఎలాగో తట్టుకుని నిలబడ్డ అత్తమ్మ ఆ గులాబీ దగ్గర కూలబడింది. ముగ్గురూ మూడు కాగితాలు తెచ్చారు, మూడింటిలోనూ కాలేజీ ఉంది. కాలేజీ అంటే ఆమెకు తెలిసింది హనుమకొండది ఒక్కటే. ఇక అనుమానమేముంది? అక్కడ జరుగుతున్నవన్నీ పేపర్లో పడ్డాయనుకుంది. ఆ సాయంత్రం బట్టల మిల్లు కూత వేయగానే, దుకాణంలో మామయ్యకు కూడా వినబడేటట్టు చెప్పేసింది.

"కాలేజి లేదు, గీలేజి లేదు. నా బిడ్డ ఇంట్లనే ఉంటది."

పిల్ల కంచం ముందు కూర్చుని ముద్ద కలపలేదు. నేను పక్కన కూర్చుని మోచేత్తో పొడిచాను. చివరికి ఏడుస్తూ అంతా చెప్పేసింది, అన్న నవల తెచ్చింది, బస్తా చాటు, రద్దీ బుట్ట, అన్నీ. అది ఉత్త కథ, ఎక్కడా జరగలేదు అంది.

మామయ్య తలుపులోంచి తొంగిచూసి, "నా చెయ్యికి కథ ఏందో పేపరేందో ఎరుకనా?" అన్నాడు.

అత్తమ్మ కూతురి వైపు తిరిగింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"కథనా? ఎవ్వలు రాసిన్రే?"

"ఎవలో ఒకాయన అమ్మా."

"ఎక్కడ జరుగకపోతె ఆయనకెట్ల తెలుస్తదే గిన్ని సంగతులు? సరే, కథనే అనుకో. నేను సగం సగం విని చెప్ప. మొత్తం వినిపియ్యి. ఆఖరుకు గా కాలేజి పిల్లలు ఏమైతరో విని, గప్పుడు చెప్త నువ్వు పోవుడా, ఉండుడా."

చూశారా? పిల్ల కాలేజీ చదువు పోయి పోయి ఆ నవల చివరి పేజీకి వేలాడింది. ఆ పేజీ ఎవరింట్లో ఏ డబ్బాలో ఉందో మాకెవరికీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే అత్తమ్మ కొంగు బిగించి బయలుదేరింది. ఇంటింటికీ పోయి, "మా పొట్లం కాయిదాలు ఉంటె ఇయ్యున్రి, పిడికెడు పుట్నాలు ఇస్త" అంది. మామయ్య తల పట్టుకున్నాడు. "సరుకు అమ్మినోన్ని, కాయిదం వాపస్ అడుగుతె బజార్ల ఇజ్జత్ ఉంటదా?" అన్నాడు. ఇజ్జత్ ఏమో కానీ జనం మాత్రం వచ్చారు. పుట్నాలు అనేసరికి నవలతో సంబంధం లేని కాగితాలన్నీ రావడం మొదలయ్యాయి. ఒకామె పోయినేటి పంచాంగం తెచ్చింది. ఒకాయన తన పెళ్లి శుభలేఖే తెచ్చాడు, పుట్నాలు తీసుకుని అది మళ్లీ జేబులో పెట్టుకుపోయాడు. అయినా చాలా పేజీలు దొరికాయి. పసుపు అంటినవి, నూనె పీల్చినవి, మిరపపొడి ఘాటుకు తుమ్ము తెప్పించేవి. నాకు అంకెలు వచ్చు కదా, నంబర్లు చూసి వరసగా పేర్చి, పైన సేరు రాయి పెట్టాను.

మధ్యాహ్నం అందరం పెరట్లో పందిరి కింద చేరాం. అదేమీ మాకు కొత్త కాదు. దుకాణానికి చింతపండు అక్కడే గింజ తీసేవాళ్లం. తలా ఒక రాయి, ఒక చిన్న సుత్తె. చాచీ వచ్చింది, ముసలవ్వ వచ్చింది, ఎదురింటి సారు కూడా సెలవులే కదా అని వచ్చి గడప మీద కూర్చున్నాడు. మా ఆడబిడ్డ పేజీలు చదువుతోంది. మేం టక్కు టక్కుమని కొడుతున్నాం.

గుట్ట మీది కాలేజీకి ఒక కొత్త పిల్ల వచ్చింది, ఆమెదే కథ. మొదట్లో సుత్తెలు బాగానే ఆడాయి. చివరి బెంచీ నుంచి గొంతు వినబడేచోట ఒక్కొక్కటే ఆగిపోయాయి. దుకాణంలోంచి మామయ్య అరిచాడు.

"ఏమాయెనే? దెబ్బలు ఆగినయ్? నిద్రపోయిన్రా?"

"దయ్యం వచ్చింది, జర ఆగు!" అని అత్తమ్మ అరిచింది. అవతల గిరాకీలు గొల్లున నవ్వారు. ఆ తరువాత మా సుత్తెలు ఎక్కడ ఆగుతాయో అక్కడే దయ్యం అని మామయ్యకు లెక్క తెలిసిపోయింది.

పేజీలు పోయినచోట మాలో మాకు పంచాయితీ. గులాబీ ఎవరిచ్చారో చెప్పే పేజీ దొరకలేదు. సారు విద్యార్థే ఇచ్చాడన్నాడు. చాచీ, "కాదు, తోటమాలి దేవునికని తెంపిండు" అంది, అత్తమ్మ మనసు ఎరిగి. అత్తమ్మకు తోటమాలే నచ్చాడు. వెంట్రుక వచ్చినచోట ముసలవ్వ, "నేను చెప్పలే?" అని అందరి వైపూ ఒకసారి చూసింది.

ఇంగువ అంటిన ఒక పేజీలో అసలు సంగతి బయటపడింది. ఆ చివరి బెంచీ పిల్ల ఒకప్పుడు అక్కడే చదివేది. అందరికంటే బాగా చదివేది. పరీక్షలు దగ్గరపడ్డాక ఇంటివాళ్లు బండి కట్టుకుని వచ్చి, చదివింది చాలని తీసుకుపోయారు. ఆ దిగులుతోనే చనిపోయింది. అప్పటినుంచి పేర్లు పిలిచే వేళకు తడిజడతో వచ్చి కూర్చుంటుంది.

మా దగ్గరున్న ఆఖరు పేజీ పిల్ల గొంతు తగ్గించి చదివింది. కొత్త పిల్ల దీపం పట్టుకుని చివరి బెంచీ దగ్గరికి పోయింది. కూర్చున్న పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. ఆ పిల్ల మెల్లగా తల తిప్పి...

"ఊఁ? తిప్పి?" అంది అత్తమ్మ.

"అయిపోయింది అమ్మా. తక్కిందంత నర్సంపేట పోయింది."

ఒక్క సుత్తె చప్పుడు లేదు. మామయ్య కూడా ఈసారి అరవలేదు, తలుపు దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. తరువాత ఒక్కసారిగా అందరూ మొదలుపెట్టారు. చివరికి అదంతా భ్రమ అని తేలుతుందన్నాడు సారు. ఒక తాయెత్తు కడితే పోతుంది, అంత పరేశాన్ ఎందుకంది చాచీ. "ముందు గా వంటామెను మార్చాలె" అంది ముసలవ్వ. మా ఆడబిడ్డ మాత్రం పేజీలు ఒళ్లో పెట్టుకుని వాళ్లమ్మ ముఖమే చూస్తోంది.

అత్తమ్మ చేతికి అంటిన చింతపండు మెల్లగా తుడుచుకుంది.

"అవునే, గా బెంచి మీది పిల్ల ఎవ్వలినన్న కొట్టిందా? రక్కిందా?"

"లేదమ్మా."

"ఎవ్వలి రక్తమన్న తాగిందా?"

"లేదమ్మా. పేరు పిలిచినప్పుడు ఉన్న అంటది, గంతే."

"మరి అది దయ్యమెట్లయితదే? సగంల గుంజుకపోతె, తక్కిన సగం సదువుకుందామని వచ్చి కూసుంటాంది పాపం. జడ కూడ ఆరవెట్టుకోలే, టైముకు అందుకోవాలని ఉరికొచ్చింది." అని సుత్తె పక్కన పెట్టింది. "తప్పు పిల్లది కాదు, కాలేజిది కాదు. బండి కట్టుకొని పోయినోళ్లది."

లేచి కొంగు దులుపుకుని తలుపు దగ్గరున్న మామయ్య ముందుకు పోయి నిలబడింది.

"ఇన్నవా? సగంల ఆపితె ఆడిపిల్ల గట్ల తిరుగుతదట. నా ఇంట్ల గసొంటి పని నాకొద్దు. రేపు హన్మకొండకు పోయి పేరు రాయించి రా."

మామయ్య, "నేనెప్పుడన్న వద్దన్ననా?" అన్నాడు, మీసం చాటున నవ్వుతూ.

"ఆగు, ఇంకా ఉన్నది. ముందు బెంచిల కూసోవాలె. మధ్యాహ్నం సద్ది ఇంట్లకెల్లే కట్టుకపోవాలె, ఆడ పెరుగన్నం ముట్టొద్దు. ఎవ్వలన్న గులాబి ఇస్తె తోటమాలికి ఇచ్చి రావాలె."

పిల్ల ఒళ్లోని పేజీలన్నీ ఎగిరిపోయాయి. వాళ్లమ్మను పట్టుకుని ఏడ్చిందో నవ్విందో ఇప్పటికీ చెప్పలేను. ముసలవ్వ కర్రతో పేజీలు తొక్కిపెట్టి, "ఎగిరిపోతానయ్, పట్టున్రి!" అని కేకలు. సారు, చాచీ, నేను పెరడంతా పరుగులు.

కాలేజీ తెరిచారు. పిల్ల రోజూ రిక్షాలో పోయి వచ్చేది. సాయంత్రం గడప ఎక్కగానే అత్తమ్మ ప్రశ్న ఒకటే.

"పేర్లు పిలిచేటప్పుడు ఎక్కువ గొంతు ఏమన్న వినొచ్చిందా బిడ్డా?"

"లేదమ్మా. తక్కువనే వినొస్తయ్. సగం మంది క్లాసుకు రారు."

"అయ్యో, గీల్లు బతికుండి రారు, అది పోయి కూడ వచ్చె!" అని అత్తమ్మ నొచ్చుకునేది.

దసరా అయ్యాక ఒక పొద్దున నర్సంపేట దుకాణదారు బస్సు దిగి వచ్చాడు. సరుకు చీటీ ఇవ్వకముందే సంచిలోంచి కాగితాల కట్ట తీశాడు. ఒక్కొక్కటి సాపు చేసి, పైనా కిందా అట్టముక్క పెట్టి, సుతిలి కట్టి తెచ్చాడు.

"సేటూ, గీ కథకు ముందుది మీ దగ్గరున్నదా?" అన్నాడు. "మా ఇంటోల్లు చంపుకతింటాన్రు. ఆఖరు దొరికింది, మొదలు దొరుకుతలేదు. ఆ ఏడ్చె వాచ్‌మన్ ముందుగాల ఎన్ని కష్టాలు పడ్డడో తెల్వక మా అవ్వకు అన్నం పోతలేదు."

ఆయన్ను పెరట్లోకే తీసుకొచ్చాం. చాచీకి, ముసలవ్వకు, సారుకు కబురు పోయింది. పిల్ల ముందుగా ఆయనకు మొదలు చదివి వినిపించింది, తరువాత ఆయన తెచ్చిన ఆఖరు మాకు వినిపించింది. ఏలకుల వాసన గుప్పుమంటోంది. తీరా చూస్తే, ఆ పిల్ల తల తిప్పేసరికి అది పిల్లే కాదు. కాలేజీ వాచ్‌మన్ సవరం కట్టుకుని కూర్చున్నాడు! బెంచీ కింద ఎప్పటిదో బంగారం పాతి ఉందట. అందరినీ భయపెట్టి ఖాళీ చేయించి తవ్వుకుందామనుకున్నాడట. పోలీసులు వచ్చారు, వాడు ఏడ్చాడు, కథ కంచికి పోయింది.

సారు చప్పట్లు కొట్టాడు. "నేను చెప్పలేదా, దయ్యమే లేదని!"

చాచీ ఊపిరి పీల్చుకుంది. "ఇగ మా ఆయన లాగులు సక్కగ కుడుతడు."

"వాచ్‌మన్ సవరమా!" అంది ముసలవ్వ. "పెరుగన్నంల పడ్డది గదే!"

నర్సంపేట ఆయన మాత్రం, "మేం వాచ్‌మనే హీరో అనుకుంటిమి" అని దిగులుపడ్డాడు.

అత్తమ్మ ముఖం కందగడ్డ అయింది. లేచి నిలబడింది.

"థూ! గిదేం ఆఖరు? గంత మంచిగ రాసుకొచ్చి ఆఖరుకు సవరం కట్టిండా? సగంల సదువు పోయిన పిల్ల ఏమాయె మరి? దాని ఊసే ఎత్తకపాయె. రాసినాయనకు ఆడిపిల్లలు లేరు కావచ్చు, ఆయనకేం తెలుస్తది!" అని ఆ ఏలకుల కాగితాలన్నీ పోగుచేసింది. దుకాణంలోకి పోయి మామయ్య పక్కనున్న రద్దీ బుట్టలో వేసింది. "ఇవి పొట్లాలకు పెట్టుకో. ముందుయి మాత్రం ముట్టకు."

మొదటి పేజీలను సుతిలితో కట్టి తన ట్రంకు పెట్టెలో పట్టుచీరల కింద దాచుకుంది, నవలలు చదివితే పిల్లలు చెడిపోతారన్న ఆ మనిషే.

పదేళ్లు తిరక్కముందే మా ఆడబిడ్డ పియుసి, బియ్యే పూర్తి చేసి, బడిలో టీచరయింది. మొదటిరోజు కొత్తచీర కట్టుకుని కాళ్లకు దండం పెడితే, అత్తమ్మ దీవించి, చెవి దగ్గరకు వంగి ఒకటే మాట చెప్పింది. "ఆఖరు పేరు పిలిచినంక జర ఆగు బిడ్డా. వెనుక బెంచిల ఎవలన్న మిగిలిన్రేమో చూడు." అది ఆగేదట. ఒక్కోసారి భయపడి గొంతు రాని పిల్ల ఎవరో, ఆ ఆగినంతసేపట్లో మెల్లగా 'ఉన్నాను టీచర్' అనేదట.

ఇక లేవండి, పొద్దుపోయింది. మీ ఇంటి డబ్బాలెప్పుడూ నిండుగా ఉండాలి, మీ పొయ్యి మీద పాలు పొంగుతూ ఉండాలి. మీ ఇంట్లో మొదలుపెట్టిన చదువు ఏదీ సగంలో ఆగకూడదు. పేరు పిలిచిన ప్రతిసారీ మీ పిల్లలందరూ ముందు బెంచీ నుంచి గట్టిగా పలకాలి. నా ఒళ్లోని ఈ పిడికెడు పుట్నాలు మీవే, కొంగులో పోసుకుని పోండి. చల్లగా ఉండండి.